కార్ ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గాలంటే ఏం చేయాలి? కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్ల కోసం పూర్తి లెక్క

ఫోన్ కొనాలంటే మనం ప్రాసెసర్ నుంచి ఛార్జింగ్ వాట్స్ దాకా పది రివ్యూలు చూస్తాం. వెయ్యి రూపాయల బ్యాంక్ ఆఫర్ కోసం సేల్ వచ్చేదాకా ఆగుతాం. అదే కార్ ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి రెన్యువల్ మెసేజ్‌లో ఉన్న లింక్ నొక్కి, చూపించిన అమౌంట్ కట్టేస్తాం. ఏటా పది వేలు, ఇరవై వేలు పోయే ఖర్చు ఇది. ఫోన్‌కి చూసినంత స్పెక్ షీట్ దీనికి కూడా చూస్తే ఎంత తగ్గుతుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఎక్కడ తగ్గించుకుంటే తర్వాత దెబ్బ తింటామో కూడా చెప్తాను.

ముందే ఒక మాట. "యంగ్ డ్రైవర్స్‌కి ఇన్సూరెన్స్ తగ్గించుకునే టిప్స్" అని వెతికితే వచ్చేవాటిలో సగం అమెరికా, బ్రిటన్ వాళ్ల కోసం రాసినవి. అక్కడ ముందు డ్రైవర్ వయసు, డ్రైవింగ్ రికార్డు చూస్తారు. పాతికేళ్లలోపు వాళ్లకి ప్రీమియం వాచిపోతుంది. మన దగ్గర పాలసీ ప్రధానంగా కారు జాతకం చూసి రాస్తారు: ఇంజిన్ ఎంత, కారు విలువ ఎంత, వయసు ఎంత, క్లెయిమ్‌లు ఉన్నాయా. కొన్ని కంపెనీలు ఓనర్ వివరాలు కూడా లెక్కలోకి తీసుకుంటాయి, కానీ అసలు బరువు కారు మీదే. అందుకే ఇక్కడ పనిచేసే టిప్స్ వేరు.

ప్రీమియంలో ఏమేం ఉంటాయి?

కాంప్రహెన్సివ్ పాలసీ అంటే రెండు పాలసీలు కలిపినట్టు.

మొదటిది థర్డ్ పార్టీ. మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇది. చట్టప్రకారం తప్పనిసరి. లేకుండా మొదటిసారి దొరికితే రూ.2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దీని రేటుని ఐఆర్‌డీఏఐతో సంప్రదించి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఖరారు చేస్తుంది. ఏ కంపెనీలో తీసుకున్నా రేటు ఒకటే, బేరం ఉండదు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏడాది రేట్లు ఇవి:

- 1000 సీసీ వరకు: రూ.2,094
- 1000 నుంచి 1500 సీసీ: రూ.3,416
- 1500 సీసీ దాటితే: రూ.7,897
- ఎలక్ట్రిక్, 30 కిలోవాట్ల వరకు: రూ.1,780
- ఎలక్ట్రిక్, 30 నుంచి 65 కిలోవాట్లు: రూ.2,904
- ఎలక్ట్రిక్, 65 కిలోవాట్లు దాటితే: రూ.6,712

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి జరిగే నష్టం. యాక్సిడెంట్, దొంగతనం, వరద, అగ్నిప్రమాదం అన్నీ ఇందులోకే వస్తాయి. దీని రేటు కంపెనీ ఇష్టం. మనం తగ్గించుకోగలిగేది దాదాపు అంతా ఇక్కడే ఉంది. దీనిమీద యాడ్-ఆన్స్, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన 1197 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, వయసు మూడేళ్లు, ఐడీవీ రూ.5 లక్షలు. ఐడీవీ అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. పాత టారిఫ్ ప్రకారం ఈ కారుకి ఓన్ డ్యామేజ్ రేటు 3.283 శాతం, అంటే రూ.16,415. ఇప్పుడు కంపెనీలు దీనిమీద పెద్ద డిస్కౌంట్ ఇస్తాయి. 60 శాతం ఇచ్చారనుకుందాం. రూ.6,566 మిగుల్తుంది. యాడ్-ఆన్స్ పక్కన పెట్టి, థర్డ్ పార్టీ, జీఎస్టీ కలిపితే సుమారు రూ.11,780. మిగతా లెక్కలన్నీ ఈ కారు మీదే చేద్దాం.

కారు కొనేముందే తగ్గేది

పైన స్లాబ్స్ చూశారుగా. 998 సీసీ టర్బో ఇంజిన్ 1000 లోపు స్లాబ్‌లోకి వస్తుంది, 1197 సీసీ మామూలు ఇంజిన్ పై స్లాబ్‌లోకి పోతుంది. ఉదాహరణకి మారుతి ఫ్రాంక్స్‌లో 1.0 టర్బోకి పవర్ ఎక్కువ, అయినా థర్డ్ పార్టీ 1.2 కంటే ఏడాదికి రూ.1,322 తక్కువ. కాకపోతే టర్బో వేరియంట్ ధర ఎక్కువ కాబట్టి ఐడీవీ పెరిగి, ఓన్ డ్యామేజ్ కొంత పెరుగుతుంది. రెండూ కలిపి చూసుకోవాలి.

ఈవీల్లో కూడా ఇంతే. టియాగో ఈవీ 65 కిలోవాట్ల లోపే ఉంటుంది, నెక్సాన్ ఈవీ దాటేస్తుంది. థర్డ్ పార్టీ రెండింతల పైనే తేడా.

కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదిది చాలు. షోరూమ్‌లోనే పాలసీ తీసుకోవాలన్న రూల్ ఏదీ లేదు. మా టీమ్‌లో ఒకబ్బాయి పోయినేడాది కారు కొన్నప్పుడు షోరూమ్ ఇచ్చిన కొటేషన్, అదే ఐడీవీ, అవే యాడ్-ఆన్స్‌తో బయట తెచ్చిన కొటేషన్ పక్కపక్కన పెట్టి చూశాం. దాదాపు పన్నెండు వేలు తేడా. ఆ కాగితం చూపించగానే షోరూమ్ వాళ్లే చాలావరకు తగ్గించారు. పోల్చేటప్పుడు ఐడీవీ, యాడ్-ఆన్స్ రెండింట్లో ఒకేలా ఉండాలి. లేదంటే 6 జీబీ ఫోన్‌ని 12 జీబీ ఫోన్‌తో పోల్చినట్టే.

"హైదరాబాద్‌లో రేటు ఎక్కువ, ఊళ్లో రిజిస్ట్రేషన్ చేయించు" అని కొందరు సలహా ఇస్తారు. హైదరాబాద్ జోన్ ఏలో, విజయవాడ, విశాఖ, వరంగల్ జోన్ బీలో ఉన్న మాట నిజమే. కానీ మన ఉదాహరణలో జోన్ బీ రేటు 3.191 శాతం. 60 శాతం డిస్కౌంట్ తర్వాత మిగిలేది రూ.184. దీనికోసం ఆధార్ అడ్రస్ మార్చుకుంటూ తిరగక్కర్లేదు.

అసలైన ఆయుధం: ఎన్‌సీబీ

నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ మీద 20 శాతం తగ్గింపు. రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50 శాతం. మన ఉదాహరణ కారుకి 35 శాతం ఎన్‌సీబీ ఉంటే మొత్తం రూ.11,780 నుంచి రూ.9,067కి దిగుతుంది. 50 శాతం ఉంటే రూ.7,905.

ఒక్క క్లెయిమ్ చేస్తే చాలు, మళ్లీ సున్నా. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. బంపర్ గీసుకుపోయింది, బిల్లు ఆరు వేలు అన్నారు, ఇన్సూరెన్స్ ఉందిగా అని క్లెయిమ్ చేసేస్తారు. ఇప్పుడు 35 శాతం మీద ఉన్నవాళ్లు క్లెయిమ్ చేస్తే ఏం పోతుందో చూడండి. ఓన్ డ్యామేజ్ రూ.6,566 దగ్గరే ఉందనుకుని, జీఎస్టీతో కలిపి:

- మొదటి ఏడాది: 45 బదులు 0 శాతం, నష్టం రూ.3,487
- రెండో ఏడాది: 50 బదులు 20, నష్టం రూ.2,324
- మూడో ఏడాది: 50 బదులు 25, నష్టం రూ.1,937
- నాలుగో ఏడాది: 50 బదులు 35, నష్టం రూ.1,162
- ఐదో ఏడాది: 50 బదులు 45, నష్టం రూ.387

మొత్తం సుమారు రూ.9,300. కారు పాతబడేకొద్దీ ఐడీవీ తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంకొంచెం తక్కువ. అయినా ఆరు వేల బిల్లు కోసం తొమ్మిది వేలు పోగొట్టుకున్నట్టే. పైగా క్లెయిమ్‌లో తప్పనిసరి డిడక్టిబుల్ రూ.1,000 ఎలాగూ మన జేబులోంచే పోతుంది. నా కారుకి ఇదే లెక్క ఒక షీట్‌లో వేసి పెట్టుకున్నాను. బిల్లు ఎంత దాటితే క్లెయిమ్‌కి వెళ్లాలో ఒక నంబర్ ముందే రాసి ఉంటే, గ్యారేజ్ దగ్గర టెన్షన్‌లో నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు.

ఎన్‌సీబీ గురించి ఇంకో మూడు విషయాలు:

ఒకటి, ఇది కారుది కాదు, ఓనర్‌ది. పాత కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. అదే కారణంగా, సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు పాత ఓనర్ బోనస్ మీకు రాదు. "50 శాతం ఎన్‌సీబీ ఉన్న కారు" అని ఎవరైనా అమ్మజూపితే దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

రెండు, పాలసీ గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే బోనస్ మొత్తం పోతుంది.

మూడు, మన ఇళ్లలో కారు నాన్న పేరు మీద కొనడం మామూలే. నడిపేది మీరైనా బోనస్ నాన్న పేరిటే పెరుగుతుంది. రేపు మీ పేరున కారు కొంటే సున్నా నుంచి మొదలుపెట్టాలి. అలాగే పాలసీలో ఉండే రూ.15 లక్షల ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఆర్‌సీలో పేరున్నవాళ్లకే వర్తిస్తుంది. నాన్న కారు నడుపుతూ మీకేమైనా అయితే ఆ కవర్ మీకు రాదు. విడిగా రూ.15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి తీసుకుంటే ఏ బండి నడిపినా కవర్ ఉంటుంది. పైగా మీ పేరున ఉన్న బైక్‌కి, కారుకి రెండుసార్లు కట్టే పని తప్పుతుంది.

వాలంటరీ డిడక్టిబుల్

క్లెయిమ్‌లో మొదటి కొన్ని వేలు నేనే పెట్టుకుంటాను అని ముందే ఒప్పుకోవడం ఇది. పాత టారిఫ్‌లో రూ.5,000 ఒప్పుకుంటే ఓన్ డ్యామేజ్ మీద 25 శాతం, గరిష్ఠంగా రూ.1,500 తగ్గింపు. రూ.15,000కి 35 శాతం, గరిష్ఠంగా రూ.2,500. ఇప్పుడు కంపెనీని బట్టి మారొచ్చు, కొటేషన్‌లో చూసుకోవాలి.

పై ఎన్‌సీబీ లెక్కతో కలిపి చూస్తే రూ.5,000 ఆప్షన్ బాగా కుదురుతుంది. ఎలాగూ చిన్న బిల్లులకి మనం క్లెయిమ్ చేయం. చేయని క్లెయిమ్‌ల మీద కవర్ ఎందుకు కొనడం? పెద్ద యాక్సిడెంట్ అయితే ఐదు వేలు ఎక్కువ పడుతుంది, అంతే. ఆ ఐదు వేలు ఎప్పుడూ బ్యాంకులో ఉండేలా చూసుకోండి.

ఫోన్‌తో ప్రీమియం తగ్గుతుందా?

ఇది మన ఏరియా. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ రెండు రకాల యాడ్-ఆన్స్‌కి దారి తెరిచింది. "పే యాజ్ యూ డ్రైవ్" అంటే నడిపిన కిలోమీటర్లని బట్టి. "పే హౌ యూ డ్రైవ్" అంటే నడిపే తీరుని బట్టి. రెండూ ఓన్ డ్యామేజ్‌కే. థర్డ్ పార్టీ మారదు.

కిలోమీటర్ల ప్లాన్‌లో ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు అని స్లాబ్ ఎంచుకుంటాం. ఓడోమీటర్ ఫోటో, యాప్, లేదా స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో పెట్టే డాంగిల్‌తో లెక్క చూస్తారు. ఆఫీసుకి మెట్రోలో వెళ్లి, వీకెండ్‌లో మాత్రమే కారు తీసేవాళ్లకి ఇది లాభం. నెలకోసారి హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం వెళ్లొచ్చేవాళ్లకి వద్దు. స్లాబ్ దాటితే ఏమవుతుందో కొనేముందే చదవాలి. కొన్ని ప్లాన్లలో టాప్-అప్ ఉంటుంది, కొన్నింట్లో క్లెయిమ్‌లో కోత పడొచ్చు.

నడిపే తీరు ప్లాన్‌లో పని చేసేది ఫోన్ సెన్సర్లు. జీపీఎస్ వేగం చెప్తుంది. యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ కలిసి సడన్ బ్రేక్, సడన్ పికప్, మలుపుల్లో దూకుడు పట్టుకుంటాయి. సుమారు 0.3 జీ, అంటే ఒక్క సెకనులో గంటకి 10-11 కిలోమీటర్ల వేగం పడిపోతే హార్డ్ బ్రేక్‌గా లెక్కేసే సిస్టమ్స్ ఉన్నాయి. నడుపుతూ ఫోన్ వాడారా, రాత్రి ఎంత నడిపారు అన్నది కూడా స్కోర్‌లోకి రావొచ్చు. అమీర్‌పేటలో ఆటో అడ్డం వచ్చి మీరు బ్రేక్ కొడితే, తప్పు ఆటోదని యాక్సిలరోమీటర్‌కి తెలీదు. కాబట్టి ముందు బండికి గ్యాప్ ఎక్కువ వదలడమే స్కోర్ పెంచే ట్రిక్. మంచి డ్రైవింగ్ కూడా అదే.

సెట్టింగ్స్‌లో రెండు జాగ్రత్తలు. మన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో బ్యాటరీ సేవర్ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్‌ని చంపేస్తుంది, ట్రిప్ రికార్డ్ కాదు. ఆ యాప్‌కి ఆ రెస్ట్రిక్షన్ తీసేయండి. ఫోన్‌ని గట్టి మౌంట్‌లో పెట్టండి. సీటు మీద వదిలేస్తే జారి పడినప్పుడు తప్పుడు రీడింగ్ వచ్చే అవకాశం ఉంది.

ఇక డేటా సంగతి. 2024లో న్యూయార్క్ టైమ్స్ ఒక విషయం బయటపెట్టింది. జనరల్ మోటార్స్ కార్లలోని స్మార్ట్ డ్రైవర్ ఫీచర్ నుంచి డ్రైవింగ్ డేటా లెక్సిస్‌నెక్సిస్ వంటి డేటా సంస్థలకి, అక్కడి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలకి చేరింది. చాలామంది ఓనర్లకి ఆ సంగతే తెలీదు, కొందరికి ప్రీమియం పెరిగింది. తర్వాత కంపెనీ ఆ షేరింగ్ ఆపేసింది. డిస్కౌంట్ కోసం యాప్ పెట్టుకునేముందు మనం అడగాల్సినవి మూడు: స్కోర్ తక్కువ వస్తే ప్రీమియం పెరుగుతుందా? డేటా ఎవరెవరికి ఇస్తారు? పాలసీ అయిపోయాక డిలీట్ చేయించుకోవచ్చా? జవాబు స్పష్టంగా లేకపోతే ఆ డిస్కౌంట్ వదిలేయడమే మేలు.

డాష్‌క్యామ్ పెడితే ప్రీమియం తగ్గుతుందనేది అపోహ. అలాంటి స్టాండర్డ్ డిస్కౌంట్ లేదు, కానీ యాక్సిడెంట్‌లో సాక్ష్యంగా పనికొస్తుంది. ఏఆర్ఏఐ ఆమోదం ఉన్న యాంటీ-థెఫ్ట్ పరికరానికి పాత టారిఫ్‌లో 2.5 శాతం, గరిష్ఠంగా రూ.500 ఉంది. డిస్కౌంట్ కోసమే ఐదు వేల పరికరం కొంటే గిట్టదు.

అమెరికాలో చదువుతున్నవాళ్లకి

ఇది చదివేవాళ్లలో డాలస్, న్యూజెర్సీల్లో ఎంఎస్ చేస్తున్నవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు ఉంటారు. అక్కడ వయసు, రికార్డు ముఖ్యం కాబట్టి పై లెక్క చాలావరకు తిరగబడుతుంది. మార్కులు బాగుంటే, మామూలుగా జీపీఏ 3.0 పైన, గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అడగకపోతే ఇవ్వరు. స్టేట్ ఫార్మ్ డ్రైవ్ సేఫ్ అండ్ సేవ్, ప్రోగ్రెసివ్ స్నాప్‌షాట్ వంటి టెలిమాటిక్స్ ప్రోగ్రామ్స్ ఉన్నాయి. స్నాప్‌షాట్‌లో రిస్కీ డ్రైవింగ్‌కి రేటు పెరగొచ్చు కూడా. కారు మీరూ రూమ్మేట్ కలిసి వాడుతుంటే అతని పేరు పాలసీలో చెప్పండి. దాచి నాలుగు డాలర్లు మిగుల్చుకుంటే క్లెయిమ్ టైమ్‌లో గొడవ.

ఇక్కడ మాత్రం తగ్గించకండి

ఐడీవీ: వెబ్‌సైట్లలో ఐడీవీ స్లైడర్ కిందకి లాగగానే ప్రీమియం తగ్గి కనిపిస్తుంది. మన ఉదాహరణలో 35 శాతం ఎన్‌సీబీతో ఐడీవీని రూ.5 లక్షల నుంచి 4 లక్షలకి తగ్గిస్తే మిగిలేది సుమారు రూ.1,007. కారు దొంగతనం జరిగితే పోయేది లక్ష. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కేస్తారు కాబట్టి, ఐడీవీ తగ్గిస్తే ఆ గీత కూడా ముందే వస్తుంది.

ఇంజిన్ ప్రొటెక్షన్: 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడ ఎలా మునిగాయో చూశాం. మామూలు పాలసీ వరద నష్టాన్ని కవర్ చేస్తుంది. కానీ నీళ్లు చేరిన ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం వల్ల పాడైతే ఈ యాడ్-ఆన్ లేకుండా డబ్బు రావడం కష్టం. సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లు దీన్ని తీసేయొద్దు. యాడ్-ఆన్ ఉన్నా సరే, మునిగిన కారుని స్టార్ట్ చేయకండి. టోయింగ్‌కి ఫోన్ చేయండి.

జీరో డిప్రిసియేషన్: ఇది లేకపోతే ప్లాస్టిక్, రబ్బర్ భాగాల మీద సగం కోత పెడతారు. ఇప్పటి కార్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే. కారుకి ఐదేళ్లు నిండేదాకా ఉంచుకోవడం మంచిది.

అబద్ధాలు: క్లెయిమ్ చేసి కూడా ఎన్‌సీబీ ఉందని టిక్ పెట్టడం, సీఎన్‌జీ కిట్ బిగించి చెప్పకపోవడం. ప్రీమియం తగ్గుతుంది నిజమే, కానీ క్లెయిమ్ రోజున సర్వేయర్ ఇవే వెతుకుతాడు. ఏళ్ల తరబడి మిగిల్చింది ఒక్క రిజెక్షన్‌తో పోతుంది.

రెన్యువల్ రోజు ఏం చేయాలి?

గడువుకి నెల ముందు క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఒకే ఐడీవీ, ఒకే యాడ్-ఆన్స్‌తో మూడు కొటేషన్లు తీయండి. ఎన్‌సీబీ సరిగ్గా పడిందో చూడండి. కిలోమీటర్లు తక్కువైతే పే యాజ్ యూ డ్రైవ్ అడగండి. రూ.5,000 డిడక్టిబుల్‌తో ఎంత తగ్గుతుందో చూడండి. మొత్తం అరగంట పని.

మన దగ్గర 22 ఏళ్ల వయసు ప్రీమియానికి పెద్ద శిక్షేమీ కాదు. పైగా ఇప్పుడే క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు లాగితే, 27 వచ్చేసరికి 50 శాతం బోనస్ మీ పేరున ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని కార్లు మార్చినా అది మీ వెంటే వస్తుంది.